పుస్తకం పేరు గుర్తు లేదు, పేజీ రూపం గుర్తుంది: పీడీఎఫ్‌లను కంటితో వెతుక్కునే దారి ఏది?

స్వర్ణముఖి (తిరుపతి) | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. విజయనగర కాలంలో తిరుమల ఆలయానికి వచ్చిన దానాలు, ఆ సొమ్ముతో పల్లెల్లో తవ్వించిన చెరువులు, కాలువలు నా పరిశోధన అంశం. ఆధారాలన్నీ జొటెరోలో (పుస్తకాల, వ్యాసాల వివరాలూ ఫైళ్లూ దాచుకుని, పాదసూచికలు పెట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) దాచుకున్నాను. దేవస్థానం 1930లలో అచ్చువేసిన శాసన సంపుటాలు, పాత జిల్లా మాన్యువళ్లు, విడి వ్యాసాలు, తెలుగు సిద్ధాంత గ్రంథాలు, అన్నీ కలిసి పెద్ద రాశి అయింది.

నాకు చదివినదాని పేరు కంటే రూపం బాగా గుర్తుంటుంది. పేజీ పై సగంలో తమిళ అక్షరాలు, కింద ఇంగ్లీషు సారాంశం, కుడి అంచున గ్రంథాలయం వారి ఊదారంగు ముద్ర, ఒక మూల చెద తిన్న గుర్తు. ఇంత స్పష్టంగా కళ్లముందు ఉంటుంది. అది ఏ సంపుటమో, ఏ ఫైలో మాత్రం తట్టదు. జొటెరో తెరిస్తే శీర్షిక, రచయిత, సంవత్సరం, అంతే. ఒక్కొక్క ఫైలూ తెరవడం, కాదని మూయడం, ఇంకొకటి తెరవడం. గ్రంథాలయంలో బీరువా ముందు నిలబడితే అట్ట రంగు, మందం చూసి చెయ్యి దానంతట అదే వెళుతుంది. తెరమీద ఆ సౌకర్యం ఎందుకు ఉండకూడదు? పత్రాలన్నిటినీ చిన్న బొమ్మలుగా పరుచుకుని చూసే వీలు ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉందో దయచేసి చెప్పండి. నాది విండోస్ ల్యాప్‌టాప్.

అలిపిరి_మెట్లు (తిరుపతి) | సోమవారం, రాత్రి 9:32

స్వర్ణముఖి గారూ, జొటెరో 7లో పత్రాలను గళ్లుగా పరిచి చూపే వీక్షణ లేదు. ఉన్నవి రెండు చిన్న సౌకర్యాలు. 2024 ఆగస్టులో వచ్చిన ఈ 7వ వెర్షన్‌లో కుడివైపు వివరాల పట్టీలో అటాచ్‌మెంట్ల భాగం ఉంది చూడండి. అక్కడ పీడీఎఫ్ మొదటి పేజీ చిన్నగా కనిపిస్తుంది. జాబితాలో కింది బాణం మీట నొక్కుతూ పోతే ఫైలు తెరవకుండానే ఒక్కొక్క దాని ముఖం చూడవచ్చు. ఇక ఫైలు తెరిచాక, ఎడమ పట్టీలో ఆ పుస్తకం పేజీలన్నీ థంబ్‌నెయిళ్లుగా, అంటే చిన్న బొమ్మలుగా, వస్తాయి. ఒక పుస్తకం లోపల కంటితో వెతకడానికి అది సరిపోతుంది. పుస్తకాలన్నిటినీ ఒకేసారి ముందు పరుచుకోవడమే కుదరదు.

దానికి బయటినుంచి ఒక దారి ఉంది. జొటెరో మీ ఫైళ్లను ‘స్టోరేజ్’ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. దాని లోపల ఒక్కొక్క అటాచ్‌మెంటుకూ ఎనిమిది అక్షరాల అర్థంలేని పేరుతో ఒక ఉపఫోల్డర్ ఉంటుంది. చూడగానే కంగారు పుట్టినా, ఆ ‘స్టోరేజ్’ ఫోల్డర్‌లోనే ఉండి పైనున్న శోధన పెట్టెలో పీడీఎఫ్ ఫైళ్లన్నీ కావాలని అడిగితే ఉపఫోల్డర్లలోనివన్నీ ఒక్కచోటికి వచ్చేస్తాయి. అప్పుడు వీక్షణను అతిపెద్ద ఐకాన్లకు మార్చండి. విండోస్ తనంతట తాను పీడీఎఫ్ పేజీ బొమ్మ చూపదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ వేసుకుని అందులో పీడీఎఫ్ థంబ్‌నెయిళ్ల సౌకర్యాన్ని ఆన్ చేసుకోవాలి.

అక్కడ కేవలం చూడండి. పేరు మార్చడం, వేరేచోటికి జరపడం, తొలగించడం ఏవీ చేయకండి. ఫైలు ఎక్కడుందో జొటెరో తన డేటాబేసులో రాసుకుంటుంది. మీరు కదిలిస్తే ఆ లంకె తెగిపోతుంది.

చిత్తూరు_గ్రంథపాలకుడు (చిత్తూరు) | సోమవారం, రాత్రి 10:05

ఈ పద్ధతి నాకు నచ్చలేదు. కారణం చెబుతాను.

కొత్త పరిశోధన వ్యాసాన్ని జొటెరోలో వేస్తే దాని డీఓఐ సంఖ్యను (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) బట్టి వివరాలన్నీ తనే తెచ్చుకుంటుంది. పుస్తకమైతే ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాల గుర్తింపు సంఖ్య. 1930లలో అచ్చయిన పుస్తకానికి ఈ రెండూ ఉండవు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి కదా, వాటి ఫైలు పేర్లు చూడండి: ముందు 2015, ఆ తర్వాత ఒక పొడవాటి సంఖ్య. దింపుకున్నది దింపుకున్నట్టే జొటెరోలో పడేస్తారు. కొన్నాళ్లకు ఏది ఏదో తెలియదు. అప్పుడు బొమ్మలు కావాలంటారు.

ఒక్కొక్క పుస్తకానికి కాసేపు వెచ్చించి శీర్షిక, సంపాదకుడు, సంపుటం, సంవత్సరం, పుట సంఖ్యలు చేత్తో నింపండి. రాజు పేరు, గ్రామం పేరు, శాసన భాష ట్యాగులుగా ఇవ్వండి. ముఖ్యమైన ట్యాగులకు రంగులు కేటాయించవచ్చు. తొమ్మిదింటి వరకు ఆ వీలుంది, 1 నుంచి 9 వరకు అంకె మీట నొక్కితే ఎంచుకున్న పత్రానికి ఆ ట్యాగు అంటుకుంటుంది. జాబితాలో శీర్షిక పక్కనే రంగు గుర్తు కనిపిస్తుంది. కంటికి కావలసిన ఆనవాలు అదే ఇస్తుంది. రాశి వేలల్లోకి పెరిగాక బొమ్మలు పరుచుకుని ఎంతసేపని చూస్తారు?

స్వర్ణముఖి (తిరుపతి) | సోమవారం, రాత్రి 10:41

సార్, మీరు చెప్పిన వివరాలు నింపడం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. శాసన సంపుటాలకు ఆ పని చేశాను కూడా. మొదటిది తొలినాటి శాసనాలు, రెండోది సాళువ నరసింహుని కాలం, మూడోది కృష్ణదేవరాయల కాలం, నాలుగోది అచ్యుతరాయల కాలం, ఇలా ఒక్కొక్కదానికి కాలాన్ని బట్టి ట్యాగులు ఉన్నాయి. అయితే ఒక్కొక్క సంపుటంలో శాసనాలు వరుసగా గుట్టలుగా ఉంటాయి. పుస్తకానికి రాసిన వివరం పుస్తకం దాకానే తీసుకెళుతుంది, లోపలి పేజీకి తీసుకెళ్లదు.

పదం ఇచ్చి వెతుకుదామంటే స్కాన్లలో అక్షరాలు లేవు, ఉన్నవి ఫోటోలే. తెలుగు సిద్ధాంత గ్రంథాల సంగతి ఇంకా బాధాకరం. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు) వాడుకలోకి రాకముందు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్‌లు కళ్లకు చక్కటి తెలుగులా కనిపిస్తాయి. ‘చెరువు’ అని వెతికితే ఒక్కటీ దొరకదు. ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు కలగలిసి వస్తాయి. ఇంగ్లీషులో పనిచేసేవారికి పేజీని కంటితో వెతకడం ఒక అదనపు సౌకర్యం కావచ్చు. తెలుగులో పాత సామగ్రితో పనిచేసేవారికి చాలాసార్లు ఉన్న ఒకే దారి అది. అందుకే అడుగుతున్నాను.

తాళపత్రం (తిరుపతి) | మంగళవారం, ఉదయం 6:20

స్వర్ణముఖి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను పాత తెలుగు అచ్చు పుస్తకాలు, రాతప్రతుల మీద పనిచేస్తాను. ఓసీఆర్ (బొమ్మగా ఉన్న పేజీలోని అక్షరాలను యంత్రంతో చదివించడం) తప్పకుండా చేయించండి, కానీ దానిమీద ఎంత నమ్మకం పెట్టుకోవాలో తెలిసి చేయించండి.

టెస్సరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్‌కు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చు. ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే సాధనం దాన్ని వాడుకుని మీ స్కాను పేజీ వెనుక కనిపించని అక్షరాల పొర చేరుస్తుంది. పేజీ రూపం చెడదు, వెతకడానికి మాత్రం పనికొస్తుంది. గత నలభై యాభై ఏళ్ల అచ్చుకు ఫలితం బాగుంటుంది. అంతకు ముందరి అచ్చుకు వెళితే వలపలగిలక (‘ర్’ను తర్వాతి అక్షరం పక్కన చూపే పాత గుర్తు) దగ్గరే చిక్కు మొదలవుతుంది. ‘మార్గము’ అనే మాటను పాత అచ్చులో ‘మా’ తర్వాత ‘గ’ వేసి, దాని పక్కన వలపలగిలక పెట్టి, ఆ తర్వాత ‘ము’ వేస్తారు. ఆ గుర్తు తెలుగు తొమ్మిది అంకెలాగే ఉంటుంది. యంత్రం దాన్ని ‘మాగ౯ము’ అని చదివి పెడుతుంది. మీరు ‘మార్గము’ అని వెతికితే ఎలా దొరుకుతుంది? అరసున్నలు, బండి ర, తెలుగు అంకెలు, అన్నిటితోనూ ఇదే తంటా. తిరుమల శాసనాల్లో అధికభాగం తమిళం, సంస్కృత భాగాలకు గ్రంథ లిపి (తమిళనాట సంస్కృతం రాసే పాత లిపి), ఇవికాక తెలుగు, కన్నడ శాసనాలు. ఇన్ని లిపులు కలిసిన సామగ్రిలో యంత్రం తడబడటం సహజం. ఇంగ్లీషు సారాంశాలను మాత్రం అది చక్కగా పట్టుకుంటుంది, గ్రామాల పేర్లు అక్కడినుంచి రాబట్టుకోవచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జొటెరో ఏ పీడీఎఫ్‌లోనైనా మొదటి 100 పేజీలనే శోధన సూచికలోకి ఎక్కిస్తుంది, అదీ 5 లక్షల అక్షరాలకు మించకుండా. సెట్టింగుల్లో ఆ పరిమితి పెంచుకోవాలి. నాలుగు వందల పేజీల సంపుటానికి ఓసీఆర్ చేయించి, పరిమితి మార్చకుండా వెతికితే ముప్పావు వంతు పుస్తకాన్ని అది చూడనే చూడదు.

పేరిత (తిరుపతి) | మంగళవారం, ఉదయం 8:15

నేను వృక్షశాస్త్రం వైపు నుంచి వచ్చాను. శేషాచలం కొండల మొక్కలు నా పని. మా దగ్గర కంటితో వెతకడాన్ని ఎవరూ ప్రశ్నించరు, ఎందుకంటే పత్రాల్లో సగం బొమ్మలే. ఈ కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని సైకాస్ బెడ్డోమీ అనే మొక్క మీద (నా పేరు దానిదే, ఇక్కడి వాళ్లు పేరిత అంటారు) నా దగ్గర వ్యాసాలు, హెర్బేరియం (ఎండబెట్టి భద్రపరిచిన మొక్కల) నమూనాల ఫోటోలు, కొండమీద నేను తీసినవి కలిసి ఉన్నాయి. మగ శంకువు బొమ్మ ఉన్న పేజీ కావాలంటే నాకు కావలసింది బొమ్మ. రచయిత పేరుతో నాకేం పని?

జొటెరోను తొలుత 2006లో తెచ్చింది అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో చరిత్ర, కొత్త మాధ్యమాల కేంద్రం. అదే కేంద్రం 2017లో ట్రోపీ అని ఇంకొకటి తెచ్చింది. పురాలేఖనాగారాల్లో ఫోటోలు తీసుకొచ్చి, ఇంటికి వచ్చాక ఏది ఏదో తెలియక బాధపడే చరిత్రకారుల కోసమే దాన్ని చేశారు. ఇది కూడా ఉచితం. తెరవగానే ఫోటోలు గళ్లుగా కనిపిస్తాయి, ఒక మీటను జరిపి బొమ్మల పరిమాణం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఒక శాసనానికి సంబంధించిన నాలుగు ఫోటోలను ఒకే అంశంగా కట్టవచ్చు. ఫోటోలో ఒక భాగాన్ని విడిగా ఎంచుకుని దానికి నోటు రాయవచ్చు. పీడీఎఫ్ ఇస్తే ఒక్కొక్క పేజీనీ ఒక్కొక్క బొమ్మగా తీసుకుంటుంది.

స్వర్ణముఖి గారికి ఇది సరిగ్గా సరిపోతుందని నా నమ్మకం. గుర్తుంచుకోవలసింది ఒకటే. సిద్ధాంత గ్రంథంలో పాదసూచికలు, గ్రంథసూచి పెట్టే పని ట్రోపీ చేయదు. ఆ పనికి జొటెరో ఉండాల్సిందే.

హార్సిలీ_గాలి (మదనపల్లె) | మంగళవారం, ఉదయం 9:02

జొటెరో లాంటిదే అయిన మెండలే సాఫ్ట్‌వేర్‌లో ఈ సౌకర్యం ఉందా అని ఎవరైనా అడిగేలోపు చెబుతున్నాను. లేదు. అక్కడా పట్టికే. 2013లో ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ దాన్ని కొన్నది, 2022 సెప్టెంబరు నుంచి పాత డెస్క్‌టాప్ ప్రోగ్రామును దింపుకునే వీలు తీసేసి కొత్త రిఫరెన్స్ మేనేజర్ వైపు మళ్లించింది. మొబైల్ యాప్‌ను అంతకుముందే ఆపేశారు. పరిశోధన నాలుగైదేళ్లు సాగుతుంది కాబట్టి ఆధారాలన్నీ ఒకే కంపెనీ చేతిలో పెట్టేముందు ఆలోచించుకోవాలి.

చంద్రగిరి_దుర్గం (చంద్రగిరి) | మంగళవారం, మధ్యాహ్నం 1:30

కాలిబర్ పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. కోవిడ్ గోయల్ అనే మన దేశస్థుడు 2006లో మొదలుపెట్టిన ఉచిత ఈ-పుస్తకాల నిర్వాహకం. అందులో అట్టల గళ్ల వీక్షణ చాలా ఏళ్లుగా ఉంది. కింది మూలనున్న అమరిక బొత్తాం నొక్కితే జాబితా పోయి అట్టలు వచ్చేస్తాయి. నా తెలుగు పుస్తకాలన్నీ అందులోనే చూస్తాను.

పీడీఎఫ్ చేర్చినప్పుడు మామూలుగా మొదటి పేజీని అట్టగా తీసుకుంటుంది. వివరాలు సవరించే కిటికీలో అట్టను ఫైలులోనుంచి తీసుకోమంటే మొదటి కొన్ని పేజీలు చూపించి ఏది కావాలో ఎంచుకోమంటుంది. స్కాను పుస్తకాలకు ఇది ఎంత ఉపయోగమో వాడినవారికే తెలుస్తుంది.

లోటు ఏమిటంటే ఫైలు నకలు తన సొంత ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. జొటెరోలో ఒకటి, ఇక్కడ ఒకటి, డిస్కులో రెట్టింపు చోటు పడుతుంది.

చిత్తూరు_గ్రంథపాలకుడు (చిత్తూరు) | మంగళవారం, సాయంత్రం 6:48

మొదటి పేజీని అట్టగా తీసుకుంటుందని చంద్రగిరి గారు చెప్పిన మాట దగ్గర ఆగాను. రాత్రి అలిపిరి గారు చెప్పినట్టు నా కంప్యూటర్‌లో స్కాను పుస్తకాలన్నీ పెద్ద ఐకాన్లుగా పరిచి చూశాను. తెరనిండా ఏమున్నాయి? బూడిదరంగు బైండు అట్టలు, ఖాళీ కాగితాలు, గ్రంథాలయం పట్టీలు. స్కాన్ చేసినవారు పై అట్ట నుంచి మొదలుపెట్టారు. శీర్షిక పుట మూడోదో ఐదోదో అవుతుంది. మొదటి పేజీని బొమ్మగా చూపే ఏ సాఫ్ట్‌వేరైనా మన పాత పుస్తకాల దగ్గర విఫలమయ్యేది ఇక్కడే. కొత్త ఇంగ్లీషు వ్యాసాలకు మొదటి పేజీ చాలు, అక్కడే శీర్షిక, పత్రిక ముద్ర అన్నీ ఉంటాయి.

కనుక ఏ పేజీ బొమ్మగా నిలవాలో నిర్ణయించే హక్కు పాఠకుడికి ఉండాలి. స్వర్ణముఖి గారికి గుర్తుండేది ఊదారంగు ముద్ర ఉన్న లోపలి పేజీ, శీర్షిక పుట కాదు. పేజీని ఎంచి, దానికి రెండు మాటల వివరం చేర్చి పెట్టుకునే పద్ధతి ఏదైనా ఉంటే నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

తాళపత్రం (తిరుపతి) | మంగళవారం, రాత్రి 8:30

ఉంది సార్. జొటెరో లోపలే ఉంది. కొంచెం ఓపిగ్గా రాస్తాను.

జొటెరో రీడర్‌లో పీడీఎఫ్ తెరిచినప్పుడు పైనున్న పరికరాల్లో, రంగు గీసేదాని పక్కన, చతురస్రాకారపు ఎంపిక సాధనం ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకుని పేజీలో కావలసిన భాగం చుట్టూ పెట్టె గీయండి. గీసిన భాగం బొమ్మగా ఎడమ పట్టీలో చేరుతుంది. దానికింద వ్యాఖ్య రాసే చోటు, ట్యాగు పెట్టే చోటు ఉంటాయి. అక్షరాల పొర లేకపోయినా ఫరవాలేదు, స్కాను మీద కూడా పనిచేస్తుంది. స్వర్ణముఖి గారి శాసనం పేజీకి అలా పెట్టె గీసి, వ్యాఖ్యలో గ్రామం పేరు, దాత పేరు, శాసన సంఖ్య యూనికోడ్ తెలుగులో రాస్తారనుకోండి. చెరువు తవ్వించిన శాసనాలకు నీలం, కాలువలకు ఆకుపచ్చ, వట్టి ధనదానాలకు పసుపు ఇవ్వండి. ఎడమ పట్టీలో రంగును బట్టి వడపోయవచ్చు.

అసలు ఉపయోగం ఆ తర్వాత మొదలవుతుంది. ఆ పుస్తకం మీద కుడి మీట నొక్కి, గుర్తులనుంచి నోటు తయారు చేయమంటే మీరు గీసిన బొమ్మలన్నీ, వాటికింద మీ వ్యాఖ్యలతో సహా ఒకే నోటులో వరుసగా వచ్చేస్తాయి. నోటులో ఏ బొమ్మ మీద నొక్కినా ‘పేజీలో చూపు’ అని అడుగుతుంది, సరేనంటే సరిగ్గా ఆ పుస్తకంలో ఆ పేజీ తెరుచుకుంటుంది. సంపుటాలన్నిటికీ ఇలా చేసి నోట్లను ఒకదానికింద ఒకటి అతికించుకుంటే, కిందికి జారుస్తూ పోతే చాలు, మీరు చూడదలచిన పేజీలన్నీ కళ్లముందు ఉంటాయి. వ్యాఖ్య యూనికోడ్‌లో ఉంది కనుక వెతికినా దొరుకుతుంది. గ్రంథపాలకుడు గారు కోరిన వివరమూ, స్వర్ణముఖి గారు కోరిన బొమ్మా ఒకేచోట పడ్డాయి.

ఇది చేత్తో చేసే పని, సమయం పడుతుంది. నా మటుకు ఆ సమయం వృథా అనిపించలేదు. ఏ పేజీ చుట్టూ పెట్టె గీయాలో నిర్ణయించాలంటే ఆ పేజీని ఇంకోసారి చదవాల్సిందే కదా.

చిత్తూరు_గ్రంథపాలకుడు (చిత్తూరు) | మంగళవారం, రాత్రి 8:55

చాలా బాగుంది. దీన్ని నేను ఒప్పుకుంటున్నాను. వ్యాఖ్యలో మొదటి పదం ఎప్పుడూ గ్రామం పేరే ఉండేలా, వర్ణక్రమం ఎప్పుడూ ఒకేలా ఉండేలా నియమం పెట్టుకోమని నా సలహా. ‘తిరుచానూరు’ ఒకచోట, ‘తిరుచ్చానూరు’ ఇంకొకచోట రాస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

స్వర్ణముఖి (తిరుపతి) | బుధవారం, రాత్రి 10:12

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. అచ్యుతరాయల కాలపు సంపుటంతో మొదలుపెట్టాను. పెట్టె గీసినప్పుడు పేజీ మొత్తం కాకుండా ముద్ర, చెద గుర్తు, పై రెండు పంక్తులు వచ్చేలా చిన్నగా తీసుకుంటున్నాను. నోటులో ఆ ముక్క చూడగానే ఏ శాసనమో తెలిసిపోతోంది. పేరిత గారు చెప్పిన ట్రోపీని నేను గుళ్ల గోడల మీద తీసుకున్న ఫోటోల కోసం వేరుగా పెట్టుకున్నాను. అచ్చు పుస్తకాలకు జొటెరో, ఫోటోలకు ట్రోపీ.

ఇప్పుడు కొత్త ప్రశ్న. జొటెరో ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ ఆన్‌లైన్ చోటు రెండు మూడు స్కాను సంపుటాలకే నిండిపోయింది. విభాగంలోని కంప్యూటర్‌లో కూడా ఇవి కనిపించాలి. మా గైడు గారితో కొన్ని పంచుకోవాలి కూడా.

అలిపిరి_మెట్లు (తిరుపతి) | బుధవారం, రాత్రి 10:40

ఆ 300 ఎంబీ లెక్క ఫైళ్లకే. పుస్తక వివరాలు, ట్యాగులు, నోట్లలోని రాత ఆ పరిమితిలోకి రావు, అవి ఎన్నయినా సింక్ అవుతాయి. ఫైళ్ల కోసం సింక్ సెట్టింగుల్లో వెబ్‌డావ్ (ఆన్‌లైన్ నిల్వకు ఫైళ్లు పంపే ఒక పద్ధతి) ఎంచుకుని, ఆ సదుపాయం ఇచ్చే వేరే ఆన్‌లైన్ నిల్వకు కలుపుకోవచ్చు. వెబ్‌డావ్ మీ సొంత లైబ్రరీకి మాత్రమే పనిచేస్తుంది. గైడు గారితో కలిసి వాడే గ్రూపు లైబ్రరీలో ఫైళ్లు పెట్టాలంటే జొటెరో నిల్వే కావాలి. ఆ గ్రూపులో బరువైన సంపుటాలు పెట్టకుండా, మీ బొమ్మల నోట్లనే పంపండి. అవి తేలిక, చర్చకు అవే సరిపోతాయి.

డిస్కులో చోటు కోసమో, సులువని చెప్పో జొటెరో డేటా ఫోల్డర్ మొత్తాన్ని గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి సింక్ ఫోల్డర్‌లోకి మార్చకండి. డేటాబేసు పాడయ్యే ప్రమాదం ఉంది, ఇన్ని రోజుల పెట్టెలూ వ్యాఖ్యలూ పోవచ్చు. వారానికోసారి జొటెరోను మూసేసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. ఈ వారం కాపీ ఈ రాత్రికే తీసేయండి.